ఎనిమిదక్షరాల ఖాళీ

బ్యానరు మీద తేదీ తప్పు పడింది.
ఫిబ్రవరి తొమ్మిది అని నేను చెబితే
పందొమ్మిది అని అచ్చేశారు.
"యాభై ఏళ్ల మీద పది రోజులు
ఓ లెక్కా మేడమ్" అన్నాడు కార్యదర్శి.

లెక్కే.
మా నాన్న మిర్చి కొట్లో గుమాస్తా.
ఆయన చిట్టాలో సన్నం ధర, తాలు ధర
ఏ పూటకాపూట ఎక్కాల్సిందే.
ఆ తొమ్మిదో తారీఖు మాత్రం ఆదివారం,
ధర రాసే గడి ఖాళీ.
అందులో ఇరికించి రాశాడు:
"అచ్యుతం మాస్టారి కొత్త కీర్తన. ఘంటా రాగం, ఆది తాళం.
తొలిసారి. అరండల్‌పేట, రైలు కట్ట పక్క మేడ మీద.
కరెంటు లేదు.
హాజరు పదకొండుమంది, ఒక పిల్ల."

ఆ పిల్లని నేనే.
పదకొండుమందీ ఒక్కొక్కరే వెళ్లిపోయారు.
తొలి ప్రదర్శన విన్న చివరి మనిషినంటూ
నాకో శాలువా కొని పెట్టారట, నెమలికంఠం రంగుది.

ఎవరికీ చెప్పలేదు కానీ
ఆ రాత్రి నేను నిద్రపోయాను.
నాన్న ఒళ్లో, ఆయన చొక్కాకి పట్టిన కారం ఘాటులో,
పెట్రొమాక్సు లైటు సుయ్యిమంటుంటే
పల్లవి మొదలవకముందే కునుకు పట్టింది.
మధ్యలో ఎవరో తుమ్మారట, ఇద్దరు ముగ్గురు దగ్గారట.
మార్చి దగ్గర పడితే గుంటూరులో ఏ కచేరీకైనా
అది పక్కవాద్యమే.

అనుపల్లవి సగంలో గూడ్సు వచ్చింది.
మాస్టారు పోటీ పడలేదు.
కమాను తీగ మీంచి లేపి గాలిలో అలాగే పట్టుకున్నారు.
దానియేలు గారి కుడిచెయ్యి మృదంగం వదిలి
తొడ మీదికి జారింది,
చడీచప్పుడు లేకుండా తాళం వేస్తూనే ఉంది.
నలభై పెట్టెలు.
మేడ గోడలోంచి, చాపలోంచి, నా చెవికింద నాన్న ఎముకలోంచి
నలభై పెట్టెలు.

అప్పుడే మెలకువొచ్చింది నాకు.
అంత రైలు మోతలో
పన్నెండుమంది ఊపిరి బిగబట్టి
ఒక చెయ్యి వంక చూస్తున్నారు.
చివరి పెట్టె దాటింది. సమం పడింది. కమాను దిగింది.
నేను మళ్లీ నిద్రపోయాను.

విన్నది అంతే. వాయించనిదే విన్నాను.

తర్వాత మాస్టారి శిష్యుడెవరో స్వరలిపి రాస్తూ
ఆ చోట ఒక ఆవర్తనం ఖాళీ పెట్టాడు.
నలభై పెట్టెలు ఎనిమిదక్షరాలకు కుదించుకుపోయాయి.
శిష్యుల శిష్యులు దానికి భాష్యాలు చెప్పారు:
శూన్యమన్నారు, నాదబిందువన్నారు.
డిప్లొమా పరీక్షలో నా శిష్యురాలు రమ్యశ్రీ
ఆ ఖాళీని ఒక అక్షరం ముందే దాటేసిందని
నాలుగు మార్కులు కోశారు.
"ఎందుకు టీచర్ అక్కడ ఆగాలి?" అంది ఏడుపు మొహంతో.
"రైలొస్తుందమ్మా" అన్నాను.
వెక్కిరించాననుకుని
రెండు రోజులు క్లాసుకి రాలేదు.

ఇవాళ సాయంత్రం బ్రాడీపేట హాల్లో
నూట యాభై కుర్చీలు, ముప్పై ఆరు తలలు, ఏసీ.
కిటికీలు బిగించి ఉన్నాయి,
ఏ రైలూ లోపలికి రాలేదు.
రమ్యశ్రీ వాయించింది. ఆగాల్సిన చోట ఆగింది.
ఆ ఎనిమిదక్షరాల్లో
ముందు వరస పెద్దాయన ఫోను చూసుకున్నాడు.

"తొలి కచేరీ అనుభవం రెండు ముక్కల్లో"
అని మైకు నా చేతికిచ్చారు.
నిద్రపోయానని చెప్పాలా?
నాన్న పేరు చెప్పాలా, దానియేలు గారి తొడ సంగతి చెప్పాలా?
ఎడమచేత్తో మైకు పట్టుకుని
కుడిచెయ్యి తొడ మీద వేశాను.
చప్పుడు చెయ్యలేదు.
చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు...

హాలు కదల్లేదు.
ఒకరెవరో దగ్గబోయి ఆపుకున్నారు.
అంతలో మైకు కుర్రాడు పరిగెత్తుకొచ్చి
నా చేతిలోది లాక్కుని
అరచేత్తో టప్పున కొట్టాడు.
"హలో" అన్నాడు,

సరిగ్గా సమం మీద.