ఏడో ప్రశ్న

తార్తు నగరం. నవంబరు. నాలుగింటికే చీకటి.
నా బల్ల మీద నలభై మూడు దరఖాస్తులు,
ఒక్కోదానికి గంటన్నర, ఒక్కోదానికి వంద మార్కులు,
డెబ్బై దాటితేనే పై అంతస్తు గదిలోకి.
డబ్బు నాది కాదు.
తెల్లవారుజామున రొట్టెల బట్టీ ముందు చెమటోడ్చేవాళ్లది,
రెండో నంబరు బస్సు నడిపే మా బావమరిది రైముంద్‌ది.
పెన్సిలు పట్టుకున్నప్పుడల్లా
వాడు నా భుజం మీంచి తొంగిచూస్తున్నట్టే ఉంటుంది.

"ఇది నిజంగా కొత్తదేనా?" అంటాడు.
"కొనేదెవరు? పేర్లు చెప్పమను.
మనం ఇవ్వకపోతే ఆగిపోతుందా?
ఇచ్చాక ఊరికి మిగిలేదేంటి?"
రూల్‌బుక్కు ముప్పై పేజీలు గానీ
తిప్పితిప్పి చూస్తే అన్నీ వాడి ప్రశ్నలే.

పొద్దుట చదివినవాళ్లు
అరచేతిలో వైకుంఠం చూపించారు.
ఒకాయన మూడేళ్లలో పదకొండు దేశాలు గెలిచేశాడు,
కొనేవాడి పేరు ఒక్కటీ రాయలేదు.
ఇంకొకాయనకి పోటీయే లేదట.
రెండు వీధుల అవతల అదే యంత్రం అమ్ముతున్నారు,
నిన్న నేనే బేరమాడాను.
మరొకటి ఎంత నున్నగా ఉందంటే
వేలికి పట్టు దొరకలేదు;
అవే వాక్యాలు మొన్న వేరే కంపెనీ కాగితాల్లో చదివాను,
పేరు మార్చడం ఒకచోట మరిచిపోయారు.

తర్వాత ముప్పై ఎనిమిదోది.
హెల్వే తామ్‌సాలు, సారెమా దీవి,
తరతరాలుగా రెల్లు కోసే ఇల్లు.
సముద్రపు అంచు గడ్డకట్టాక
మంచు మీద బండి నడిపి కోస్తారు.
"పదేళ్లలో ఆరుసార్లు మంచు మనిషి బరువు మోయలేదు.
కిందటేడు ట్రాక్టరు మునిగింది.
మావాడికి ఈత వచ్చు."
అంతే రాసింది.
అందుకని తేలే కోతయంత్రం:
పాత పాల పీపాలు, పడవ మోటారు,
బురదని కలచని కత్తి.
ఫోటోలో దాని మీద పిల్లి కూర్చుని ఉంది.

కొనేవాళ్లు ఏడుగురు, ఫోన్ నంబర్లతో సహా.
ఖర్చు సెంట్లతో సహా, బోల్టుల డబ్బాలు రెండు విడిగా.
ఐదో ప్రశ్న: ఈ నిధి రాకపోతే?
"ఆగిపోతుంది" అని రాస్తారు అందరూ,
అలా రాయాలని అందరికీ తెలుసు.
ఆమె రాసింది:
"అయినా చేస్తాను. తొమ్మిదేళ్లు పడుతుంది.
అప్పటికి రెల్లు కోయడం తెలిసినవాళ్లు ఉంటారో లేదో."
మొదటి వాక్యానికి మార్కులు తీసేయాలి.
రెండోదానికి వేయాలి.
మూడోదానికి రూల్‌బుక్కులో గడి లేదు.

ఏడో ప్రశ్న: ప్రధాన ప్రమాదం, నివారణ చర్యలు.
"మునుపట్లా మళ్లీ మంచు గట్టిగా కట్టడం.
అప్పుడు నా యంత్రం ఎవరికీ అక్కర్లేదు.
నివారణ ఏమీ లేదు.
అలా జరిగితే నాకు సంతోషమే."

పద్దెనిమిదేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను,
తన సరుకు అక్కరలేని రోజు రావాలని
రాతపూర్వకంగా కోరినవాళ్లని చూడలేదు.
రైముంద్ కూడా నోరెత్తలేదు.

నివారణ లేదు కాబట్టి రూలు ప్రకారం పదికి రెండు.
నాలుగు వేశాను.
కొట్టేసి రెండు చేశాను.
కూడితే అరవై తొమ్మిది.
కింది నుంచి పైకి కూడాను,
అరవై తొమ్మిదే.

కిటికీ అద్దం మీద చప్పుడు.
నవంబరు ఆఖరు, పడాల్సింది మంచు,
పడుతున్నది వాన.
పేజీలు వెనక్కి తిప్పి
ఐదో ప్రశ్న దగ్గర ఆగాను,
పెన్సిలు చెక్కుకుంటూ.