మూడో యూనిట్ ఖాతా

కనబడనిదాన్ని తూచడం నా ఉద్యోగం.
నాలుగో అంతస్తులో, కిటికీకి వీపు పెట్టి,
ఉత్తర బొహీమియాలో మా కంపెనీ గొట్టాలన్నీ
ఏడాది పొడవునా వదిలిన ఊపిరిని
టన్నుల్లోకి మార్చి గళ్ళల్లో పోస్తాను.
గోధుమలు తూచేవాడి చేతికి పొట్టు అంటుతుంది.
నా చేతికేమీ అంటదు.

ఈ ఏడు అంకె ఒక్కసారిగా కుంగింది.
పద్దెనిమిది లక్షల టన్నులు, ఒక్క సంతకంతో.
పండగ చేశారు. ఆకుపచ్చ క్రీము కేకు,
దాని మీద గాలిమర బొమ్మ.
రెక్కొకటి నా ముక్కలోకి వచ్చింది.
తిన్నాను. తియ్యగానే ఉంది.

రాత్రి రదొవాన్‌కి ఫోన్ చేశాను,
మేం అమ్మేసిన ప్లాంటులో షిఫ్ట్ ఇంజనీరు.
"ఏమైనా మారిందా?"
"మారింది. చొక్కా జేబు మీద బొమ్మ.
పాతదాని దారాలు పీకితే గుడ్డకి చిల్లులు మిగిలాయి."
"మరి బొగ్గు?"
"అదే గని, అదే బెల్టు, అదే పొయ్యి.
ఆకలి ఇంకాస్త ఎక్కువే."

మసి పూసి మారేడుకాయ చేయడం పాత విద్య.
మేం మసిని పక్కింటి గోడకి తుడిచి
మా చేతులు చూపించాం.
గొట్టం మీది కాకులు మాత్రం కదల్లేదు,
యజమాని మారాడని వాటికెవరూ చెప్పలేదు.
కాకి లెక్కలంటారు గానీ
ఈ లెక్క కాకులది కాదు, నాది.

అలాగని అంతా అబద్ధమనలేను.
మార్చిలో మూడో యూనిట్ ఆర్పిన రోజు అక్కడే ఉన్నాను.
ఆర్పడమంటే స్విచ్ నొక్కడం కాదు.
ఊళ్ళో ఆరు వేల ఇళ్ళ రేడియేటర్లు
నలభై ఏళ్ళుగా ఆ బాయిలర్ వేడి తాగి బతికాయి.
దాన్ని చంపేముందు వాటికి మరో తల్లి కావాలి.
బొగ్గు తవ్వీ తవ్వీ వదిలేసిన గొయ్యిని
నీళ్ళు నింపి చెరువు చేశారు కదా,
ఆ చెరువు అడుగునుంచి, ముక్కీ మూలిగీ,
పంపులు గోరువెచ్చదనాన్ని తోడుతున్నాయి.
కుదుటపడటానికి రెండు చలికాలాలు పట్టింది.
మొదటి చలికాలం ఓ వీధి వీధంతా కోట్లు తొడుక్కుని పడుకుంది.
మమ్మల్ని తిట్టింది.
ఆ తిట్లు రాయడానికి నా దగ్గర గడి లేదు.

బొహుమిల్, ముప్పై ఒక్కేళ్ళు బాయిలర్ మనిషి,
చివరి మంటని చూపుగాజులోంచి చూశాడు.
ఎరుపు, తర్వాత నారింజ, తర్వాత ఇటుక రంగు,
తర్వాత వట్టి ఇటుక.
ఏడవలేదు. వేడిగా టీ ఉందా అనడిగాడు.

టర్బైన్ విప్పేశారు. జనరేటర్ని ఉంచారు.
ఆవిరి లేదు, నిప్పు లేదు, ఊరికే తిరుగుతుంది.
గాలీ ఎండా పంపే కరెంటు తడబడితే
పట్టుకోవడానికి ఎక్కడో ఓ బరువు
తిరుగుతూ ఉండాలట.
బొహుమిల్ దాని ఒంటికి అరచెయ్యి ఆనించి
"జ్దెంకా, తిరుగుతోంది గానీ తినట్లేదు" అన్నాడు,
ముసలి గుర్రం గురించి చెప్పినట్టు.

మూడో యూనిట్ గడిలో సున్నా వేశాను.
అంత బరువైన సున్నా ఎన్నడూ రాయలేదు.
అమ్మేసిన ప్లాంటు గడిలోనూ సున్నాయే.
రెండూ పక్కపక్కన, కవలల్లా.
కన్నతల్లికి తప్ప తేడా తెలీదు.

అందుకని రెండోదాని నెత్తిన
చిన్న నక్షత్రం గుర్తు పెట్టాను.
పేజీ అడుగున, చీమ తలంత అక్షరాల్లో:
"ఇది తగ్గలేదు. చేతులు మారింది."

నివేదిక డైరెక్టర్ బల్ల మీదికి వెళ్ళింది.
ఆ గుర్తు దగ్గర ఆగాడు.
మసి నలుసనుకున్నాడో ఏమో
వేలికొనతో దులిపాడు.
మళ్ళీ దులిపాడు.
కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.