తెర మీది చెయ్యి

బెలేంలో మధ్యాహ్నం మూడింటికి వాన.
గడియారం తప్పినా అది తప్పదు.
కిటికీ కింద ఎవరిదో కారు మీద
మామిడికాయ ఒకటి ధన్‌మని పడింది.
నవ్వబోయాను.
కుట్లు నవ్వనివ్వలేదు.

ఒళ్ళో వేసుకుని పట్టవే అన్నారు
చూడ్డానికొచ్చిన అమ్మలక్కలందరూ.
నాకు ఒడి ఎక్కడుంది?
అది ఉండే చోట ఒక కోత,
కోత మీద ప్లాస్టరు,
ప్లాస్టరు మీద నా రెండు చేతులు, కాపలాగా.

నర్సు ఇవోనీజి టాబ్లెట్ తెచ్చి
దిండుకు ఆనించి పోయింది.
తెర మీద మొహం లేదు.
మెడ నుంచి నడుం దాకా ఒక ఆడమనిషి,
నాలాగే కోసి కుట్టినది,
బిడ్డను చంక కింద ఇరికించుకుంది
సంతలో కోడిని పట్టినట్టు.
కాళ్ళు వెనక్కి, తల ముందుకి,
కుట్ల జోలికి పోకుండా.

"నోరు బాగా తెరిచేదాకా ఆగు" అంటుంది గొంతు.
ఆపాను. వెనక్కి జరిపాను. మళ్ళీ పెట్టాను.
మనిషైతే మూడోసారికే విసుక్కునేది.
ఇది పదకొండోసారి కూడా
అంతే మెత్తగా "ఆగు" అంది.
అప్పుడొచ్చింది నాకు ఏడుపు.
అలసట తెలియని దానికి
నా సంగతి ఏం తెలుస్తుంది?

పిల్ల అరిచి అరిచి నిద్రపోయింది.
రొమ్ములు రాళ్ళు.

తెర మీది మణికట్టు పక్కన
కాలిన మచ్చ, చిక్కుడు గింజంత.
పాఠం వదిలేసి దాన్నే చూస్తూ పడుకున్నాను.

నాలుగింటికి దల్వనీరా వచ్చింది నేల తుడవడానికి.
మాపు పిండుతుంటే
చొక్కా చెయ్యి పైకి జరిగింది.
చిక్కుడు గింజ.

"ఆఁ, నేనే," అంది నేల మీంచి చూపెత్తకుండా.
"ఆ బుడ్డోడిప్పుడు రెండో తరగతి.
మొహం మాత్రం వద్దన్నాను.
వాడు పట్టింది ఐదో రోజున తెలుసా?
నాలుగు రోజులు కెమెరావాళ్ళు
ఉత్తచేతుల్తో పోయారు.
అదంతా తీసేశారులే,
పాఠం పొడుగైపోతుందని."

చేతులు కడుక్కొచ్చింది.
నన్ను తాకలేదు.
దిండు మాత్రం రెండు వేళ్ళ మందం పైకి నెట్టి
బకెట్టు చక్రాలు కిర్రుమనిపించుకుంటూ
పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

తెర ఎప్పుడు ఆరిపోయిందో చూడలేదు.
పిల్ల లేచింది. ఆవులించింది.
పట్టింది, జారింది.
పట్టింది.

ముందు నొప్పి.
తర్వాత ఒక గుటక.
అంత వానలోనూ వినబడింది,
ఒక్కటే.