ముళ్లపటకారు

శనివారం రాత్రి సంచి విప్పి గుడ్డమీద పరుస్తాను:
ప్లగ్గు, చైన్ లింకు, గాలి పంపు,
ట్యాంకు కారితే రుద్దడానికి సగం అరిగిన సబ్బు.
క్లచ్ కేబులుకి జంటగా ఇంకో కేబులు
ముందే టేపేసి కట్టుంది బండికే.
"తెగినాక ఏడ్చేదానికన్నా తెగకముందే తోడు కట్టుకో"
ఉదయగిరి మెకానిక్కు జిలానీ మాట.

సీతారామపురం దాటి, వెలిగొండ వాగు రాళ్లలో
తెగింది.
తోడుంది. కానీ దాని గుండు కూర్చునే సందులో
నా వేళ్లు పట్టవు.
మూతి ప్లయరు ఇంట్లో, ఫ్యాను కింద, స్టూలు మీద.
మొన్న తీసింది నేనే.
ఫోన్‌లో ఒక్క గీతా లేదు.
సైలెన్సరు చిటపటమంటూ చల్లారుతోంది.

మేకల వెనకే వచ్చింది పెంచలమ్మ.
"ఏంది నాయనా, మొండికేసిందా?"
వక్కాకు తిత్తిలోంచి ముళ్లపటకారు తీసింది.
ఆ తిత్తిలో ఇంకా
సూది, దారం, పసుపు కొమ్ము, కట్టుకి గుడ్డపీలిక.
ఆమెకీ ఎవరో జిలానీ ఉండే ఉంటాడు.

ఒక్క లాగు. గుండు కూర్చుంది.

డబ్బులిస్తే నవ్వింది.
సబ్బు చూసి మాత్రం,
"అది ఇయ్యరాదా, ఈ మేక కాలు కడగాల" అంది.

ఇచ్చాను.
ఉదయగిరి వచ్చేదాకా
నా ముక్కు పెట్రోలు వాసన వెతుకుతూనే ఉంది.