రెండో లూపు

లోసరి దాటాక, ఉప్పుటేరు గట్టు మీద
రొయ్యల చెరువు కాపలా పాక.
రెండు బ్యాటరీలు, ఒక్క దీపం.
"కొత్తది తెచ్చి కలిపినా
తెల్లారకుండానే ఆరిపోతందండీ," అన్నాడు యేసుపాదం.

మందుల పెట్టె అట్ట చింపి గీశాను:
ఎడమ కిటికీ ఒక లూపు, కుడి కిటికీ ఒకటి,
నడిమి కమ్మీకి దీపం.
బాణాలు నా ఇష్టమొచ్చినట్టు వేశాను,
రెండూ దీపం వైపే.

చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వస్తే
ఎక్కిన వోల్టులకీ దిగిన వోల్టులకీ చెల్లు.
ముడిలోకి వచ్చిందంతా ముడి దాటి పోవాల్సిందే.
లాకుల దగ్గర లస్కరైనా రాత్రిపూట
ఒక తలుపు అటూ ఇటూ చేస్తాడేమో,
ఇక్కడ కుదరదు.

రెండో కరెంటు
మైనస్ నాలుగున్నర వచ్చింది.

ఫస్టియర్లో ఇలాగే వస్తే కొట్టేసి మళ్ళీ చేశాను, మూడుసార్లు,
భీమవరం పాలిటెక్నిక్‌లో, బెల్లు కొట్టేదాకా.
సుభాషిణి మేడమ్ నా భుజం మీంచి చూసి
"లెక్క తప్పలేదబ్బాయ్, బాణం తప్పింది.
అది వేసింది నువ్వే," అంది.

పాక బయట పోటు మొదలైంది.
సముద్రానికి పోవాల్సిన ఏరు
గుర్రపుడెక్కని నెత్తినెట్టుకుని
వెనక్కి, కొల్లేటి వైపు నడుస్తోంది.
దాన్నెవరూ తప్పు అనరు.

"పాతది ఇవ్వట్లేదు, తాగుతోంది.
కొత్తది ఏడు పోస్తే నాలుగున్నర దానికే.
దీపానికి రెండున్నర కూడా మిగల్లేదు."

యేసుపాదం పాతదాని మీద చెయ్యేశాడు.
వెచ్చగా ఉంది.
"అయిదేళ్ళు కాసిందండీ ఇది."

తీగ నేను విప్పలేదు.
స్పానర్ అతని చేతికిచ్చి
అట్ట మీద బాణం తిప్పబోయి,
మైనస్‌ని అలాగే ఉంచేశాను.