నవాసారం

ఎస్తేరమ్మ ఆకుపచ్చ గుడ్డ విప్పి
సూది పట్టుకారును నా బల్ల మీద పెట్టింది.
పెద్దాసుపత్రి థియేటర్లో ముప్పయ్యేళ్ల చాకిరీ ఆమెది,
మాటకు మత్తుమందు కలపదు.

"చూడు మీ నలుపు.
పదకొండోసారి ఆటోక్లేవులోంచి తీసేసరికి
ఎండకు కాలిన వీపు మాదిరి పొట్టు లేసింది.
ఇది కడుపులో రాలితే ఎవురేరాల?
నువ్వొచ్చి ఏరుతావా?"

నిజమే. మూతి దగ్గర
చీమ కాలంత పెచ్చు.
కింద ఉక్కు, ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది.

నేను అతికించాలనుకున్నది బొగ్గుని,
వజ్రానికి వేలు విడిచిన చుట్టాన్ని.
తొలకరి పడగానే జొన్నగిరి చేలల్లో
కొంగు దోపుకుని జనం వంగి వెతికేది
ఆ పెద్దింటిదాని కోసం.
నాది పేదింటిది.
వెల్డింగు షాపు బాషా వాడే ఎసిటిలీనునే
గాలి తోడేసిన డబ్బాలో విరగ్గొడితే
ఊదారంగు వెలుగులోంచి నల్లగా వచ్చి కూర్చుంటుంది,
వెంట్రుకలో యాభయ్యో వంతు మందాన.

కూర్చుంటుంది. ఉండదు.

ఏడాదిన్నర మందం పెంచుతూ పోయాను.
మందంతో పాటు మొండితనం పెరిగింది,
తనలో తానే బిగుసుకుని
ఎవరూ గోకకుండానే ఊడింది.
"ఇంకో వాయువు మార్చి చూడమ్మా" అన్నాడు గైడు సారు.
ప్రతి నెలా అదే అంటాడు.

ఆ రాత్రి పట్టుకారు ఇంటికి తెచ్చాను, తప్పే.
జేజినాయన లాలప్ప
కర్నూలు పెద్ద మార్కెట్టు వెనక సందులో
నలభయ్యేళ్లు కళాయి పూసినోడు.
స్టీలు గిన్నెలొచ్చి కొలిమి ఆరింది గానీ
గోళ్ల కింద మసి అలాగే ఉంది.
కళ్లు ఆనవు. ఊడిన అంచుని
బొటనవేలితో రెండుసార్లు గీరి,
"పూత మంచిదే" అన్నాడు. "తోమినావా?"

తోమాను, ఆర్గానుతో.
దేనితోనూ కలవని గాలి అది జేజినాయనా.
దాన్ని ఇసుక మాదిరి విసిరి కొడితే
కంటికి కనపడని తుప్పు పొర ఎగిరిపోతాది.

"నవాసారం మాదిరి."

ఆ, నవాసారం మాదిరే.

"తోమినాక?"

తలుపు తీసి, లోపల క్రోమియం దిమ్మె పెట్టి,
మళ్లీ గాలి తోడి...

"తలుపు తీస్తావా?"

కాసేపు ఏమీ అనలేదు.
సందులో బొరుగుల బండి పోయింది గంట కొట్టుకుంటూ.

"నవాసారం పొగ కండ్లల్లో ఉండంగనే తగరం తగలాల.
పొగ ఆరినాక పూసినావంటే
గిన్నె నిన్ను మరిసిపోతాది.
సంగటి సల్లారతాందని మీ జేజి అరిసినా
నడాన లేసినోన్ని కాదు నేను."

రెండు నిమిషాలు.
ఒత్తిడి రాశాను, వోల్టులు రాశాను,
వేడి రాశాను, వాన పడితే వాన కూడా రాశాను.
ఆ రెండు నిమిషాల గాలి
నా రెండు పుస్తకాల్లో ఎక్కడా లేదు.
తలుపు తీయడం ఒక పనే అనిపించలేదు నాకు.

ఇప్పుడు దిమ్మెలన్నీ ముందే లోపల ఉంటాయి.
ఆర్గాను దెబ్బ ఆగకముందే క్రోమియం మొదలు,
క్రోమియంలోకి కొంచెం కొంచెం బొగ్గు,
ఆఖరికి బొగ్గే.
ఎక్కడ ఏది అయిపోయిందో ఉక్కుకి తెలియనివ్వను.
మధ్యలో కరెంటు పోయిన మంగళవారం
ఆరు కత్తెరలు పక్కన పారేశాను, నోరెత్తకుండా.

వజ్రపు మొనతో గుచ్చి మైక్రోస్కోపు కింద పెడితే
మునుపు గుంట చుట్టూ
మే నెల రేగడిలా పెచ్చులు పెచ్చులు.
ఇప్పుడు వెంట్రుక గీతలు నాలుగు, అంతే.

ఎస్తేరమ్మ మెచ్చుకోలేదు.
బీరువా తలుపుకి కాగితం అంటించి
ఉడికించినప్పుడల్లా ఒక గీత గీస్తోంది,
అయిదేసి కట్టలుగా, పాల లెక్కలాగా.
నిన్న ఫోన్ చేసి, "నలభై మూడు" అని పెట్టేసింది.

పరుగున పోయి జేజినాయనకి చెప్పాను.
మంచం మీద అటు తిరిగి పడుకున్నోడు
ఇటు తిరక్కుండానే అడిగాడు:

"నాలుగు గీతలుండాయంటివే మొన్న,
అవెందుకుండాయి?"