లిస్టుల లేని మొక్క

ముహర్రక్ల, ఉమ్ జాసిమ్ ఇంటి మీద
ముందుగాల ఎండను ఊడ్చినం.
ఇసుక అనుకునేరు, ఎండే.
చీపురు కింద పాత సున్నం పెచ్చులు పెచ్చులు లేచింది.

తర్వాత డాంబర్ షీటు.
గ్యాస్ మంట పట్టుకొని అంచు మీద అంచు అతికిచ్చుకుంట
వెనుకకు వెనుకకు నడిచిన.
ఈ పనిల ముందుకు నడిచెటోనికి కాళ్లు కాల్తయి.
పన్నెండు కొట్టంగనే పని బందు, ఎండకాలం రూలు.
నాలుగింటి దాక ట్యాంకు నీడల నలుగురం,
నీడ జరిగినకొద్ది జరుక్కుంట.

పైపుల నోళ్లల్ల గుడ్డలు కుక్కి
నాలుగంగుళాల నీళ్లు నింపినం.
నలభై ఎనిమిది గంటలు నిలవాలె,
కారేది ఉంటె ఇప్పుడే కారాలె, అన్నడు షిజు సార్.
పదకొండేండ్ల సంది నీళ్లను తరుముడే నా పని,
నీళ్లకు కావలి ఉండుడు ఇదే మొదలు.
తెల్లారకముందే తెల్ల చెంపల పిగిలిపిట్టలు మూడు
తానం చేసి పోయినయి. వాటికెవరు చెప్పిన్రో.
మొఫిజుల్ కాళ్లు నీళ్లల్ల పెట్టి కూసుండి
వాళ్ల ఊరి పేరు చెప్పిండు.
నాకు నోరు తిరగలే.

మూడోనాడు కింది అర్రల స్టూలెక్కి
కప్పుకు అరచెయ్యి ఆనిచ్చిన.
మొన్నటిదాక పెంకం లెక్క కాలిన కప్పు
జరంత మెత్తబడ్డది, తడి మాత్రం లేదు.
ముసలమ్మ కింది నుంచి కండ్లతోనే అడిగింది.
"మాయ్ మాఫీ" అన్న.
నీళ్లు లేవంటె ఇంత సంబురపడ్డ మనిషిని
ఈ దేశంల ఈమెనే చూసిన.

వేర్లు దిగకుండ ఒక షీటు పరిచినం.
"ఇక్కడిదాకనే అని వేరుకెట్ల తెలుస్తది భాయ్?"
మొఫిజుల్ అడిగిండు.
నేనేమనలే. జేబుల సీపీఆర్ కార్డు
ఉన్నదో లేదో ఒకపారి తడుముకున్న.

దాని మీద కోడిగుడ్ల అట్టల్లాంటి నల్ల ప్లాస్టికు,
దాని మీద పల్చటి బట్ట, ఆ మీద మట్టి.
మట్టంటె మట్టి గాదు. తేలికరాయి పొడి, కొబ్బరి పీచు,
ఇల్లు మొయ్యాలె గద.
ముక్కు కాడ పెట్టుకుంటె వాసన లేదు.
తడిపినంక చాన సేపటికి వచ్చింది,
వద్దా రావద్దా అన్నట్టు.

అక్టోబర్ల మొక్కలు. లిస్టు ప్రకారం ముప్పయ్యారు ట్రేలు,
ఉప్పుకూ ఎండకూ ఓర్చే దళసరి ఆకులవి.
డ్రిప్పు పైపు, టైమరు, సంతకం.

మూడు వారాలకు చూడబోతె
లిస్టుల లేనిదొకటి.
ఎర్ర కాడ, నూనె రాసినట్టు ఆకు, నేలకు పాకుకుంట.
ఏ బస్తాల పండుకొని వచ్చిందో, కాయితం లేకుండ.
"కలుపు. పీకెయ్" అన్నడు సార్, ఫోటో తీసి,
ఇంకో సైటుకు పోయిండు.

కూసున్న. చెయ్యి పెట్టిన. ఆగింది.
గోడ పట్టుకొని, ఆయాసపడుకుంట
ముసలమ్మ మెట్లెక్కి వచ్చింది.
"బర్బీర్!" అన్నది, చిన్న పిల్ల లెక్క.
ఒక కొన తెంపి నోట్లేసుకుంది. నాకొకటిచ్చింది.
పుల్లగ, జరంత ఉప్పగ.
"గంగవాయిలి" అన్న.
ఆమెకు నోరు తిరగలే.

కొనలు కొనలు తెంపినం ఇద్దరం,
ఆమె కొంగులకు, నేను హెల్మెట్లకు.
వేరు సంగతి ఎవరం ఎత్తలే.

రిపోర్టుల "కలుపు తీసినం" అని రాసిన.
ఆ రాత్రి క్యాంపుల పప్పు
పదకొండు మందికి సరిపోలే.